గరిటెడు బుడ్డల నూనె

అమ్మ పోయాక ఇల్లు సర్దే పని నా మీద పడింది. పడిందనడం దేనికి, చేయడానికి వేరే ఎవరున్నారు గనక. గోరంట్లకూ సోమందేపల్లెకూ నడుమ, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊళ్ళో మా రాతి మిద్దె. మూడు గదులు, ఒక అటక. అటక మీద చిల్లిపడిన బిందె, చిరిగిన చేటలు, అమ్మ ఎప్పుడో తీసిపెట్టిన పాత చీరల మూట దొరికాయి. వాటి వెనకాల గోనెసంచిలో చుట్టిన బరువైన వస్తువొకటి ఉంది. సంచి విప్పకముందే వాసన తగిలింది. కాగిన మైనం, కాలిన దారం, దానికింద ఎక్కడో చిక్కబట్టిన బుడ్డల నూనె. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాసన అలాగే ఉంది. నిచ్చెన మీదే కూలబడ్డాను. అరవై దాటిన మనిషి నిచ్చెన మీద కూర్చుని ఏడవడం ఏం బాగుంటుంది, ఎవరైనా చూస్తే నవ్విపోతారని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఏడుపు ఆగలేదు.

అది మా నాయన కొవ్వొత్తులు పోసిన అల్యూమినియం అచ్చు. రెండు చెక్కలుగా విడిపోతుంది, మూసి బిగిస్తే లోపల వేలెడు లావు గాడులు ఏర్పడతాయి. వరసగా బుడ్డల పంట పోయి, బోరు కూడా ఎండిపోయిన కాలంలో నాయన బెంగుళూరికి కూలికి పోయాడు. అక్కడ ఒక కొవ్వొత్తుల షెడ్డులో పనిచేసి, వచ్చేటప్పుడు ఈ అచ్చు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఊరంతా నవ్వారు. "ఏమప్పా ఆశీర్వాదం, వానలు తెస్తావనుకుంటే వత్తులు తెచ్చినావే" అన్నారు. నవ్వినవాళ్ళే తర్వాత మా గుమ్మం ముందు నిలబడ్డారు. అప్పట్లో కరెంటు ఉండేదే తక్కువ, పోయేదే ఎక్కువ. గోరంట్ల అంగళ్ళకు, చుట్టుపక్కల చర్చిలకు నాయన కొవ్వొత్తులే పోయేవి.

మా ఇంట్లో పొద్దు రెండు పొయ్యిలతో మొదలయ్యేది. వంటింటి పొయ్యి మీద అమ్మ సంగటికి ఎసరు పెట్టేది, పెరటి పొయ్యి మీద నాయన మైనం డబ్బా పెట్టేవాడు. ఆ డబ్బాను నేరుగా మంట మీద పెట్టేవాడు కాదు, నీళ్ళున్న సట్టిలో దించి పెట్టేవాడు. మైనం పలకలు మొదట అంచుల్లో చెమర్చి, తర్వాత మెల్లగా కుంగి, ఉన్నట్టుండి నీళ్ళలా తేరుకునేవి. అచ్చు గాడుల గుండా దారం లాగి బిగించడం నా పని. లోపల గుడ్డతో నూనె తుడవడం తమ్ముడి పని. మైనం అతుక్కోకుండా ఉండడానికి ఆ నూనె. "తుడువు నాయనా, పుయ్యద్దు" అని మా నాయన వాడికి రోజూ చెప్పేవాడు. మైనం పోశాక అచ్చును నీళ్ళ తొట్టిలో దించితే చుయ్‌మని చప్పుడొచ్చేది. తమ్ముడు రోజూ ఆ చప్పుడు కోసమే లేచేవాడు. ఆ నీళ్ళ తొట్టి గురించి అమ్మకూ నాయనకూ రోజూ తగువే. "తాగేదానికి లేవు, నీ వత్తులకు స్నానం గావాల్నా?" అని అమ్మ అరిచేది. అరిచి, ఆ నీళ్ళతోనే మధ్యాహ్నం అంట్లు తోమేది, తోమిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసేది. ఆ చెట్టు ఆకులు నలిపితే మైనం వాసన వచ్చేదని మా సాలమ్మత్త వెక్కిరించేది. సాలమ్మత్త నాయనకు చెల్లెలు. మూడిళ్ళకు అవతల కాపురం. నోరు పెద్దది.

తమ్ముడి పేరు సామేలు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. వాడికి అన్నీ ప్రశ్నలే. ముద్ద కర్పూరం గూట్లో పెడితే ఎట్లా మాయమైంది, చలికాలం కొబ్బరినూనె గడ్డ కడుతుంది గదా మన బుడ్డల నూనె ఎందుకు కట్టదు, బెల్లం పొయ్యి మీద కరుగుతుంది ఉప్పు ఎందుకు కరగదు. అమ్మ వంట చేస్తుంటే పక్కన కూర్చుని పీడించేవాడు. "ఉప్పు మొండిది, నీ మాదిర" అనేది అమ్మ. ఆ జవాబుతో వాడికి తృప్తి. తర్వాత నేను జీవితమంతా జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ప్రతి ఏడూ మొదటి క్లాసులో మూడు గరిటెలు తీసుకుని, ఒకదాంట్లో మైనం, ఒకదాంట్లో చక్కెర, ఒకదాంట్లో ఉప్పు వేసి మంట మీద పెట్టేదాన్ని. మైనం వెంటనే కరిగిపోయేది. చక్కెర కాసేపు బెట్టుచేసి గోధుమరంగు పాకమయ్యేది. ఉప్పు మాత్రం గరిటె ఎర్రగా కాలినా కదిలేది కాదు. ఎందుకని అడిగేదాన్ని. పిల్లలు చాటుగా నన్ను ఉప్పు మేడం అనేవాళ్ళు. అననీ. ఆ ప్రశ్న నాది కాదు, సామేలుది. ఆ సంగతి ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఒక ఏడు మా చేను మోస్తరుగా పండింది. మోస్తరంటే విత్తనానికి పోను ఒక మూటెడు కాయ మిగిలింది. దాన్ని అమ్మకుండా ఇంటికి గానుగ ఆడించుకుందామని అమ్మ పట్టుబట్టింది. కాయ ఒలిచింది తానూ సామేలూనే. పొద్దువాలాక గడప దగ్గర కూర్చుని, వాడు కాయను నేలకు టక్కున కొట్టి పప్పు బయటికి తీసేవాడు, రెండు గిన్నెలోకి, ఒకటి నోట్లోకి. "గిన్నెలో ఏసేటివి తక్కువైతాండాయి, కడుపులో ఏసేటివి ఎక్కువైతాండాయి" అని అమ్మ చేతిమీద ఒకటి వేసేది. మూట గోరంట్ల గానుగకు పోయింది. నూనె తిరిగి వచ్చేసరికి వాడు లేడు.

జ్వరం వచ్చింది. పిల్లలకు రాని జ్వరమా అది. పొద్దున వాడి నొసట తడిగుడ్డ వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టి, అమ్మ ఒక పెద్దరైతు ఇంట్లో కాయ ఒలిచే కూలికి పోయింది. ఆ కూలి కూడా పోతే ఆ వారం గడవదు. పొద్దువాలి వచ్చి చూసేసరికి వాడికి మాట లేదు. నాయన సైకిలు మీద వేసుకుని రోడ్డు దాకా తొక్కాడు, అక్కడినుంచి ఏదో లారీ ఆపి హిందూపురం పోయారు. పెద్దాసుపత్రి మెట్లు ఎక్కకముందే అయిపోయిందని నాయన చెప్పాడు. ఇంతకంటే ఆ దినం గురించి మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఒకే మాట, ఏ పని చేస్తున్నా, నీళ్ళు తోడుతున్నా, కసువు ఊడుస్తున్నా, తనలో తాను అనుకునేది. "కూలికి పోతినే. బిడ్డను ఇడిసిపెట్టి కూలికి పోతినే." సాలమ్మత్త ఊరుకోబెట్టడానికి, "వాన రాకడ, ప్రానం పోకడ ఎవురికి తెలుసు ఒదినా" అంటే, అమ్మ విననట్టు ఉండేది.

మా ఊళ్ళో ఈస్టరు ముందు శనివారం సాయంత్రం సమాధుల తోటకు పోతాం. పొద్దున్నే గోరీలకు సున్నం కొడతారు, మధ్యాహ్నం బంతిపూలు తెస్తారు, పొద్దు వాలుతుండగా ఒక్కో గోరీ మీద ఒక్కో కొవ్వొత్తి పెట్టి వెలిగిస్తారు. వెలిగించిన వత్తిని మళ్ళీ ఎవరూ ముట్టకూడదు. అది నిలువునా కడదాకా కాలితే పోయినవాళ్ళు నెమ్మదిగా ఉన్నట్టు. ఒరిగితే అలిగినట్టు. ఇది ఏ గ్రంథంలో ఉందని పాస్టరుగారు ప్రతి ఏడూ అరిచేవారు. ఆయన అరుపు ఆయనదే, మావాళ్ళ నమ్మకం మావాళ్ళదే. సామేలు పోయాక మొదటి ఈస్టరు వచ్చింది. అమ్మకు అప్పటికి తిండి లేదు, నిద్ర లేదు, ఉన్నదల్లా ఆ సాయంత్రం ఒక్కటే. వత్తి నిలబడితే బిడ్డ తనను క్షమించినట్టు. ఈ మాట ఆమె నోరు విప్పి అనలేదు. అనకపోయినా మా ఇంట్లో పొయ్యికి కూడా తెలుసు.

నాయన ఊరందరి కొవ్వొత్తులూ పోసి, చివరికి వాడిది పోయడానికి డబ్బా పెట్టాడు. అప్పుడు అమ్మ లోపలినుంచి నూనె డబ్బా తెచ్చింది. గానుగ నుంచి వచ్చిన ఆ నూనెతో ఆమె అంతవరకు ఒక్క పోపు కూడా వేయలేదు, గూట్లో పెట్టి మూత పెట్టింది.

"ఈ నూనె దాంట్లో పొయ్యి" అంది.

నాయన తలెత్తి చూశాడు. "మైనంలో నూనె పొయ్యరు మే. అచ్చుకు తుడిసేదే."

"వాడు ఒలిసిన బుడ్డలవి. వాని చేతులు తగిలిన నూనె. వాని వత్తిలో అదే ఉండల్ల."

"పొయ్యరు. షెడ్డులో ఎవురూ పొయ్యరు."

"యాల పొయ్యరు?"

నాయనకు తెలియదు. షెడ్డులో వద్దన్నారు, ఎందుకు వద్దో చెప్పలేదు. వేరే ఎవరైనా అడిగి ఉంటే పొమ్మని తరిమేసేవాడు. అమ్మ ముఖం చూశాడు, చేతిలోని గరిటె ఆమెకు ఇచ్చాడు. అమ్మ నిండుగా ఒక గరిటెడు నూనె తీసి, ఒక్క చుక్క బయట పడకుండా మైనంలో వంచింది. వంచి, వాడు పోయిన తర్వాత మొదటిసారి కొంచెం నవ్వినట్టు చేసింది. ఆ కొవ్వొత్తి అచ్చులోంచి చాలా నున్నగా వచ్చింది. మిగతావాటికంటే అందంగా ఉంది. నేను కూడా అనుకున్నాను, ఇంత మంచి వత్తి ఆ తోటలో ఇంకెవరికీ ఉండదని.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ తోటలో అప్పుడు చాలావరకు మట్టి గోరీలే. కొవ్వొత్తిని మట్టిలో గుచ్చి నిలబెట్టేవాళ్ళు. సామేలుకు మాత్రం నాయన బండ వేయించాడు. తెలిసిన క్వారీ మనిషిని బతిమాలి, ఒక మూల విరిగిన నల్లబండ తెచ్చి, తనే బండి తోలుకుని వచ్చి పరిచాడు. పిల్లవాడి మీద వాన పడకూడదని. మా ఊళ్ళో వాన పడేదెప్పుడు గనక. పడింది ఎండ. ఏప్రిల్ ఎండకు ఆ నల్లబండ పొద్దంతా కాగి, సాయంత్రమైనా చేయి పెట్టనీయలేదు.

నాయన మైనం చుక్కలు వేసి కొవ్వొత్తిని బండ మీద నిలబెట్టాడు. అమ్మ వెలిగించింది. మేమంతా పాట ఎత్తుకున్నాం. రెండో చరణం అయ్యేసరికి అది అడుగున చెమర్చింది. ఎవరూ తోయలేదు, గాలి లేదు, ఆకు కదలడం లేదు. నిదానంగా, నిద్ర ముంచుకొచ్చిన పిల్లవాడు తల వాల్చినట్టు, నడుము దగ్గర వంగింది. నాయన చప్పున చేయి చాపాడు. "ముట్టగాకు అన్నా!" అని సాలమ్మత్త గట్టిగా అరిచింది. నాయన చేయి అక్కడే ఆగిపోయింది. కొవ్వొత్తి ఇంకాస్త వంగి, ఇంకాస్త వంగి, బండ మీద పడుకుంది. మంట చిటపటమని ఆరిపోయింది. చుట్టూ మట్టి గోరీల మీద నాయన పోసిన కొవ్వొత్తులే వరసగా వెలుగుతున్నాయి, ఒక్కటి కూడా ఒరగలేదు.

"బిడ్డ ఇంకా అలిగే ఉండాడు" అంది సాలమ్మత్త. మెల్లగానే అంది. అందరికీ వినపడింది.

అమ్మ ఏడవలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని ఇంటికి నడిచింది. ఆ తర్వాత ఆమె సమాధుల తోటలో కాలు పెట్టలేదు. ఎన్ని ఈస్టర్లు వచ్చాయో, ఎంతమంది చుట్టాలు పోయారో, ఆఖరికి మా నాయనను తీసుకుపోయినప్పుడు కూడా తోట గేటు దాకా వచ్చి, అక్కడే మట్టిలో కూర్చుంది. "నేను రాను. వానికి ఇష్టం లేదు" అంది. భర్తను సాగనంపడానికి కూడా రాలేదని ఊళ్ళో ఆడవాళ్ళు నోరు నొక్కుకున్నారు. నొక్కుకున్నవాళ్ళ నోళ్ళు కాల్చాలన్నంత కోపం వచ్చింది నాకు.

నాయన ఆ మరుసటి వారమే మళ్ళీ మైనం డబ్బా పెట్టాడు. పెట్టక ఏం తింటాం. కానీ పాటలు పాడడం మానేశాడు, అమ్మతో నీళ్ళ తగువు కూడా మానేశాడు. నూనె గుడ్డ తుడిచే పని నాకు వచ్చింది. ఒకరోజు ఆయన ఎవరూ లేనప్పుడు రెండు పొట్టి కొవ్వొత్తులు పోసి, పెరట్లో ఎండలో కాగిన రాయి మీద పక్కపక్కన నిలబెట్టి చూడడం గడప చాటునుంచి చూశాను. ఒకటి వంగింది. ఆయన కాసేపు దాన్నే చూసి, రెండూ తీసుకుని డబ్బాలో పడేసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏంది నాయనా అని అడిగితే, "ఏం లేదు పాపా, పో" అన్నాడు. నాకేం అర్థం కాలేదు.

అర్థమైంది డిగ్రీలో. అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఆ రోజు మాస్టారు ఘనపదార్థాల ద్రవీభవన స్థానాల పాఠం చెబుతున్నారు. ఏ పదార్థం ఎంత వేడికి కరుగుతుందన్నది దాని అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉప్పులో ప్లస్సూ మైనస్సూ ఉన్న కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, మన పొయ్యి మంటకు విడవవు. చక్కెరలో ఆ పట్టు తక్కువ. మైనంలో మరీ తక్కువ. మైనం అణువుల మధ్య బలమైన పట్టేదీ లేదు. పొడుగ్గా, నిటారుగా ఉండి, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుకుని పడుకుంటాయి కాబట్టి, ఆ దగ్గరితనం వల్లనే గట్టిగా ఉంటుంది. వేరుశనగ నూనెలాంటి వాటి అణువులకు మధ్యలో వంకర ఉంటుంది, అవి అలా ఒత్తుకోలేవు. అందుకే ఆ నూనె చలికాలంలో కూడా గడ్డకట్టదు. మైనంలో అలాంటి నూనె కలిస్తే, ఆ వరస చెదిరి, తక్కువ వేడికే మెత్తబడుతుంది. ఇది పాఠంలో ఒక వాక్యం. మాస్టారు ఆ వాక్యం చదివేసి ముందుకు పోయారు. నేను ఆగిపోయాను. నల్లబండ కనపడింది, గరిటె కనపడింది. ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి వచ్చేశాను.

అమ్మ దొడ్లో జొన్న చొప్ప మోపు కడుతోంది. చేతిలో సంచి కింద పెట్టకుండానే చెప్పడం మొదలుపెట్టాను. "అమ్మా, సామేలు అలగలేదు. నూనె వల్ల వంగింది. చొప్ప చూడు, నిలువు దంట్లు అయితే మోపు ఎంత గట్టిగా బిగుస్తాది? నడుమ వంకర తుమ్మకొమ్మలు పెట్టి కట్టు, మోపు లొడలొడ అంటాది గదా? మైనం గూడా అంతే. నూనె వంకరది. దానికి తోడు కింద బండ కాగి ఉండాది." ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆమె ముఖం వెలుగుతుందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

అమ్మ చేతిలో దంటు అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "నూనె పొయ్యమనింది నేనే గదా" అంది.

అంతవరకు నాకు ఆ సంగతి తట్టనే లేదు. వెనకనుంచి నాయన వచ్చాడు. ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. జీవితంలో నా మీద చేయెత్తని మనిషి, ఆ రోజు ఎత్తి, కొట్టకుండా దించాడు. "ఎవురు చెప్పమనిరి నిన్ను? సదువుకోను పంపిస్తే దీనికా వచ్చింది?" అని గొంతు పగిలేలా అరిచాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ రెండు పొట్టి కొవ్వొత్తులు దేనికో. ఒకదాంట్లో నూనె కలిపి, ఒకదాంట్లో కలపకుండా పోసి చూశాడు. ఆయనకు చాలా కాలంగా తెలుసు. బిడ్డ అలిగాడంటే ఆమె ఏడుస్తుంది. ఆమె పోసిన నూనె వల్లే పడిందంటే ఆమె బతకదు. ఆ రెంటిలో మొదటిదే నయమనుకుని, నోరు కట్టేసుకున్నాడు. షెడ్డులో వద్దన్నారని ముందే చెప్పిన మనిషి, "నేను చెప్పలా?" అని ఒక్కనాడు అనలేదు.

అమ్మ మాత్రం మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని, "అన్నం తిను పో, బస్సులో ఏమీ తినుండవు" అంది. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కాలం పోయింది. కరెంటు పోవడం తగ్గింది, కొవ్వొత్తులు అడిగేవాళ్ళు తగ్గారు. ఇన్వర్టర్లు వచ్చాయి, సెల్‌ఫోన్లో లైటు వచ్చింది. నాయన అచ్చు గోనెలో చుట్టి అటకెక్కించాడు, కొన్నాళ్ళకు తానూ పోయాడు. మేం బుడ్డలు వేసిన చేను ఇప్పుడు బీడు. దాని పక్క చేలల్లో సోలారు పలకలు పరిచారు. ఆ ఎండే ఇప్పుడు పంట. అప్పట్లో మా ఇంట్లో నీళ్ళు లేవు, తిండి లేదు, కానీ చుయ్‌మని చప్పుడైతే పరుగెత్తుకొచ్చే పిల్లవాడు ఉన్నాడు, తగువు పెట్టుకునే ఇద్దరు మనుషులు ఉన్నారు. ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. దాన్ని చూసి అరిచేవాళ్ళు లేరు. ఇది మేలో అది మేలో నన్నడగొద్దు. నాకు అదే కావాలి.

ఈ చలికాలంలో అమ్మ మంచం పట్టింది. హిందూపురంలో మా ఇంట్లోనే ఉంచుకున్నాను. ఒక మధ్యాహ్నం గంజి తాగించి మూతి తుడుస్తుంటే నా చేయి పట్టుకుంది.

"మే, ఆ నూనె కత నిజమేనా? నా మనసు కోసం చెప్పినావా?"

ఏ నూనె అని అడగాల్సిన పని లేదు. అప్పుడు చొప్ప మోపు దగ్గర అడగాల్సిన మాట, ఇన్నేళ్ళు లోపల పెట్టుకుని, ఇప్పుడు అడిగింది.

"నిజమేమ్మా. ఏసు తోడు."

"మీ నాయనకు తెలుసునా?"

"తెలుసు."

"మనిసి... ఒక్క మాట అనలేదే" అంది అమ్మ. కళ్ళ పక్కల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తర్వాత నా వైపు తిరిగి, "అట్లయితే వానికి నూనె లేని వత్తి ఒగటి పెట్టు. అదే బండ మీద. నిలబడుతాదేమో సూడు" అంది.

"నువ్వే చూద్దువులే, ఈస్టరుకు కుర్చీలో పిలుచుకొని పోతా."

"పోతానా?" అని పసిపిల్లలా అడిగింది. "వాడు ఏమీ అనుకోడా?"

అనుకోడని చెప్పాను. ఆమె తలాడించింది. ఈస్టరు దాకా ఉండలేదు. తోటలోకి ఆమె మళ్ళీ అడుగుపెట్టింది నలుగురి భుజాల మీద. సామేలు పక్కనే పడుకోబెట్టాం.

అందుకే ఆ అచ్చు దొరికినప్పుడు నిచ్చెన మీద కూలబడ్డాను. కడిగాను, తోమాను, బెంగుళూరు నుంచి మంచి గట్టి మైనం తెప్పించాను. నాకు తెలిసిన చదువంతా పెట్టాను. మైనం తొందరగా మెత్తబడకుండా గట్టిపరిచే స్టియరిక్ ఆమ్లం పొడి కలిపాను, అచ్చుకు నూనె గుడ్డ కూడా తగిలించలేదు. ఒక కొవ్వొత్తి అతుక్కుని విరిగింది, మరోటి పగిలింది. నాయన ఉంటే నవ్వేవాడు. చివరికి రెండు బాగా వచ్చాయి. చూడడానికి అంత నున్నగా ఏమీ లేవు.

శనివారం సాయంత్రం తోటకు పోయాను. సాలమ్మత్తను మనవడు బైకు మీద తెచ్చి దింపి పోయాడు. ఆమెకు ఇప్పుడు కళ్ళు సరిగా కనపడవు. ఎండ అప్పటికంటే ఎక్కువే తప్ప తక్కువేం కాదు, మూల విరిగిన ఆ బండ మీద చేయి పెడితే చురుక్కుమంది. అమ్మది ఇంకా మట్టి గోరీయే, దాని మీద ఒకటి గుచ్చాను. రెండోది బండ మీద నిలబెట్టి వెలిగించాను. పాట పాడడానికి మేమిద్దరమే. పాడాం. రెండో చరణం దగ్గర నేను పాట ఆపేశాను. కొవ్వొత్తి అడుగువైపే చూస్తూ నిలబడ్డాను. కెమిస్ట్రీ చెప్పినదాన్ని, లెక్క తెలిసినదాన్ని, అయినా రెప్ప వేయలేదు.

"ఒరిగినాదా?" అంది అత్త, చేతులతో గాలిలో తడుముతూ.

"లేదత్తా. నిలబడి ఉండాది."

"నిలబడినాదా? బాగా సూడమ్మే."

"నిలబడే కాలుతాండాది."

అత్త అక్కడే నేల మీద చతికిలబడి, నోటి మీద నోటి మీద కొట్టుకుంది. "నా నోరు పడిపోను. ఆ పొద్దు అన్నను ముట్టనిచ్చింటే ఏం పోయుండునే. ఒదినా, నా నోరు పడిపోను" అని ఏడ్చింది. నేను ఆమెను ఆపలేదు.

కొవ్వొత్తి వేలెడు తగ్గింది, చీకటి పడింది, అది నిటారుగానే ఉంది. చుట్టూ ఎవరెవరో వచ్చి వెలిగించి పోతున్నారు. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. నిలబడిన కొద్దీ నా కడుపు మండింది. పడిపోయినా బాగుండేదేమో, అప్పుడు ఎవరి తప్పూ కాదని సర్దుకునేదాన్ని. ఇంత తేలికగా, ఎవరూ పట్టుకోకుండా, అది నిలబడగలిగేదే. అమ్మ గేటు దగ్గర మట్టిలో కూర్చున్న ఆ దినమంతా, నాయన నోరు కట్టుకుని తిరిగిన ఆ ఏళ్ళన్నీ, ఇది ఇలాగే నిలబడి ఉండేది. కడదాకా కాలి, బండ మీద చిన్న మచ్చగా మిగిలి, తనంతట తానే ఆరింది. చూడాల్సిన మనిషి పక్కనే ఉంది, ఆరడుగుల మట్టి కింద. ఆమెను బతికుండగా ఇంత దగ్గరికి రానీయకుండా చేసింది, బిడ్డ చేతులు తగిలాయని దాచుకున్న ఒక్క గరిటెడు నూనె.